గచ్చి మెట్ల మీద పోచమ్మ

తాగుడు మాన్పిద్దామని మా చాల్‌కు దేవతను తీసుకొచ్చిన ఘనుణ్ణి నేను. దాంతో నా పరువు నాలుగంతస్తులు కిందికి దిగింది, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఎక్కడైనా ఒళ్లు జలదరిస్తే మాత్రం కారణం నన్నడగొద్దు, నాకూ తెలియదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కామాటిపురలో మాది చాల్, అంటే ఇంటికో గది చొప్పున కట్టిన నాలుగంతస్తుల పాత బిల్డింగు; దాని మండలికి నేను కార్యదర్శిని. మండలి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, మెట్ల కింద ఒక నల్లబోర్డు. దాని మీద నల్లా వేళలు రాసి, నా అక్షరాలు చూసి నేనే మురిసిపోయేవాణ్ణి.

చిక్కంతా గచ్చితో వచ్చింది. చాల్ పైకప్పును మేం గచ్చి అంటాం. దగ్గర్లోని కాలేజీలో పదకొండు, పన్నెండు చదివే పిల్లలు మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి, గచ్చికి వెళ్లే మెట్ల మీద సీసాలు తెరిచేవారు. పైన ఒకవైపు పిట్టగోడ కూలిపోయి ఉంది. ఒకరోజు ఒక పిల్లాడు తూలుతూ ఆ అంచుదాకా పోయి, బట్టలారేసే తీగ చేతికందబట్టి బతికాడు. వాడు మా తమ్ముడు నరేష్, పదహారేళ్లవాడు. ఆ రోజునుంచి అమ్మకు కంటిమీద కునుకు లేదు.

మండలి కూర్చుంది. గచ్చికి తాళం వేద్దామంటే బట్టలెక్కడ ఆరేయాలని ఆడవాళ్లు లేచారు. పోలీసులంటే పిల్లల పేర్లు పాడవుతాయన్నారు. చివరికి నేనే ఒక రూలు పెట్టించాను. తాగి దొరికింది ఎవరైనా సరే, పేరు నెల రోజులు నల్లబోర్డు మీద ఉంటుంది. అందరూ చేతులెత్తారు. పైకెళ్లి పట్టుకోవడానికి మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు.

అప్పుడు తట్టింది నాకు ఆ దిక్కుమాలిన ఉపాయం. ఆదివారం పొద్దున్నే కూలిన గోడలోంచి ఒక రాయి తెచ్చి, కడిగి, పసుపు పూసి, ఒక్క కుంకుమ బొట్టు పెట్టి, వేపరెమ్మతో సహా గచ్చి మెట్ల చివరి మలుపులో నిలబెట్టాను. పోచమ్మ తల్లి నాకు కలలో కనిపించి, తన చోటు మైల చేస్తున్నారని చెప్పిందని కిందికొచ్చి ఇంటింటికీ చెప్పాను. నా మొహం చూసి అమ్మ కూడా నమ్మింది.

సోమవారం మెట్ల మీద పిల్లలు లేరు. నేను లేని మీసం మెలేశాను.

మంగళవారం వెళ్లి చూస్తే రాయికి కళ్లున్నాయి. వెండి కళ్లు. నేను పెట్టలేదు. పసుపు అప్పుడే పూసినట్టు తడిగా ఉంది, నేను పెట్టిన ఒక్క బొట్టు పక్కన ఇంకో రెండున్నాయి. మీరూ అబద్ధాలాడే ఉంటారు. మీ అబద్ధం ఎప్పుడైనా కళ్లు తెరిచి మీకేసి చూసిందా? నేను వెనక్కి తిరక్కుండా వెనకడుగులతోనే మెట్లు దిగాను.

గురువారం నుంచి అక్కడ మందు వాసన మొదలైంది. రెండో అంతస్తు లచ్చవ్వ మా చాల్‌లో అందరికన్నా పెద్దది, ఆచారాలన్నీ ఆమెకే తెలుసు. వెళ్లి ఆమెనడిగాను.

"పోచమ్మకు సాక పొయ్యకుంటె ఎట్ల కొడుకా? నేనే అందరికి చెప్పిన," అంది.

సాక అంటే తల్లికి పోసే కల్లు. పాలమూరు నుంచి మా తాతలు మూట కట్టుకొచ్చిన ఆచారం. తాగుడు మాన్పించడానికి, లోకంలో ఇందరు దేవతలుండగా, కల్లు పుచ్చుకునే తల్లినే పిలిచానన్నమాట! కల్లు దొరకని వాళ్లు సీసా మందు తెచ్చారు. ఇంటికో గ్లాసు, పైన ఆకు కప్పుకుని, భక్తిగా పైకెళ్తోంది. పొద్దున పెట్టిన గ్లాసులు సాయంత్రానికి ఖాళీ. తల్లి పుచ్చుకుంటోందని లచ్చవ్వ దండం పెట్టింది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం వాన కుమ్మరిస్తోంది. కరెంటు పోయింది. గోడ పట్టుకుని పైకెక్కాను. మూడో అంతస్తు దాటగానే ఎవరో మెల్లగా చప్పరిస్తున్న శబ్దం వినిపించింది. మలుపు తిరిగాను. చీకట్లో నాలుగు పసుపు మొహాలు రాయి చుట్టూ కూర్చుని ఉన్నాయి.

ఒక మొహం నోరు తెరిచింది. "అన్నా, చెప్పులిడిచి రా."

నరేష్! మొహాలకు పసుపు పూసుకుని, గ్లాసు కళ్లకద్దుకుని మరీ తాగుతున్నారు. "ఇది తల్లి ప్రసాదమన్నా. వద్దంటె పాపం," అన్నాడు. అంటూనే లేచి, తూలుతూ, వానలోకి తెరిచున్న గచ్చి తలుపువైపు నడిచాడు. నేను వాడి నడుం పట్టుకుని వేసిన కేకకు చాల్ అంతా పైకొచ్చింది.

ఈ సాక ఎవరూ ముట్టొద్దని తల్లి నాకు చెప్పిందని అరిచాను. లచ్చవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"తల్లి ఎవరి కలలకొచ్చిందో వాల్లే తాగాలె బిడ్డా. అది మనోల్ల రివాజు. లేకుంటె కల అబద్ధమనన్నా చెప్పు."

చెప్పొచ్చు. చెబితే ఆ రాయి ఉత్త రాయి అవుతుంది, సోమవారానికి పిల్లలు మళ్లీ సీసాలతో ఎక్కుతారు; తాగితే ఈ సాక ఇంకెవరూ ముట్టరు. అమ్మ మొహం చూసి, జన్మలో చుక్క ముట్టని నేను, మిగిలిన ఐదు గ్లాసులూ వరసగా ఎత్తాను.

తర్వాత నీళ్ల ట్యాంకుకు హారతి పాడానట. దిగడానికి కాళ్లు రాక నాలుగంతస్తులూ కూర్చునే దిగానట. నల్లబోర్డు దగ్గర లచ్చవ్వ రూల్ రూలే అంది, సుద్దముక్క నరేష్ చేతికిచ్చింది. మత్తు దిగిపోయిన మొహంతో వాడు నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నేను గూడ గిట్లనే ఉంటనా?"

"ఇంతకన్నా అధ్వాన్నం," అన్నాను. "నేను మెట్ల మీద జారిన. నీకు ఆడ గోడ గూడ లేకుండె."

వాడు లేచి బోర్డు మీద నా పేరు రాశాడు, నా అక్షరాలకన్నా అందంగా. మళ్లీ ఆ మెట్లెక్కి తాగలేదు. పిట్టగోడ లేచింది, సాక బెల్లం నీళ్లకు మారింది.

నెల తర్వాత, వెండి కళ్లు బాగా పెట్టావని లచ్చవ్వతో అన్నాను.

"నేనేడ పెట్టిన? బుధవారం దాంక ధారావిల నా బిడ్డ ఇంట్ల ఉంటి గద."

ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఎవరూ పెట్టలేదు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నేను తలవంచుకునే నడుస్తాను.

అందుచేత, పసుపు కుంకుమల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ తల్లి పేరూ చెప్పి అబద్ధమాడను. ఆడక తప్పకపోతే, ఆ తల్లి ఏం తాగుతుందో ముందే కనుక్కుంటాను.