దూలం కింద బావ

మెట్‌పల్లి పాతబజారులో రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట నిజమేనని సక్కుబాయికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పొద్దున్నే గాజుల దుకాణం తీయబోతే తలుపు మీద, ఇక్కడిదాకా కూల్చాలని గుర్తుగా, ఎర్రరంగు గీత కనిపించింది.

ఒకప్పుడు అది ఒకే ఇల్లు. మామ పోయేముందు ఇద్దరు కొడుకులకూ పంచుతూ నడుమ గోడ పెట్టించాడు గానీ, పైనున్న టేకు దూలాన్ని మాత్రం కొయ్యనివ్వలేదు. దూలం కోస్తే అన్నదమ్ములను కోసినట్టే అన్నాడట. పెద్దమనిషి మాట, ఎవరు కాదంటారు? అలా ఒక్క దూలమే రెండు దుకాణాలనూ మోస్తూ వచ్చింది. ఇటు సక్కుబాయి గాజులు, అటు ఆమె బావ హనుమంతు ఇత్తడి సామాను.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. తమ్ముడి భార్య బావ ఎదుట పడకూడదు, ఆయనతో నోరు విప్పకూడదు. ఎంత బిగుతు గాజునైనా నవ్విస్తూ నొప్పి తెలియకుండా ఎక్కించే సక్కుబాయి, బావ దగ్గు వినపడితే చాలు, కొంగు సర్దుకుని మూగదైపోయేది. భర్త మొగిలి ఉన్నన్నాళ్లూ ఇటు మాట అటు, అటు మాట ఇటు ఆయనే మోశాడు. ఆయన పోయాక ఆ పని ఎదురుగా పూలమ్మే తిరుమల నెత్తిన పడింది. గౌరవమట! ఈ గౌరవాలు నేర్పిన పెద్దలు, ఇంటికి నిప్పంటుకున్న రోజు ఏం చెయ్యాలో మాత్రం చెప్పిపోలేదు.

కూల్చే మిషన్ వస్తే పుల్ల కూడా మిగలదని హనుమంతు తన దుకాణం ముందుభాగాన్ని తానే విప్పుకోవాలనుకున్నాడు. టేకు స్తంభాలైనా దక్కుతాయని ఆశ. ఆ సంగతి తెలియగానే సక్కుబాయి తలెత్తి దూలం వంక చూసింది. స్తంభం తీస్తే దూలం ఎక్కడ ఆగుతుంది?

"తిరుమలా, బావకు చెప్పవే. గా స్తంభం ముట్టొద్దను. దూలం మీద పడుతదను."

తిరుమల వెళ్లింది. కానీ అంత పెద్దాయనకు 'మీద పడుతది' అన్న అశుభం మాట ఎలా చెప్పడం? "జర పైలం అన్నది మీ మరదలు" అని మెత్తగా చెప్పి వచ్చేసింది.

"మొగిలి పెండ్లాం ఊకెనే పరేషాన్ అయితది" అని నవ్వాడు హనుమంతు.

మర్నాడు ఎండ నెత్తికెక్కే వేళ అటువైపు గునపం దెబ్బలు మొదలయ్యాయి. దెబ్బ దెబ్బకూ ఇటువైపు గోడకు వేలాడే గాజుల సరాలు గలగలమన్నాయి. బయటికి పోదామని లేచిన సక్కుబాయి మళ్లీ కూర్చుంది. బతుకంతా ఇక్కడే ఉందాయె. కాసేపటికి గునపం ఆగింది. గాజులు ఆగలేదు. పైనుంచి మట్టి రాలింది.

ఆమె వీధిలోకి ఉరికింది. హనుమంతు దూలం కిందే నిలబడి, ఊడిరాని స్తంభాన్ని రెండు చేతులా గుంజుతున్నాడు. సక్కుబాయి కళ్లు తిరుమల కోసం వెతికాయి. పూలబుట్ట ఉంది, మనిషి లేదు. పాడు అలవాటు, అంత భయంలోనూ మాట మోసే మనిషినే వెతికించింది! దూలం కిర్రుమంది.

"హనుమంతూ! బయటికి ఉరుకు!"

పేరు పెట్టి పిలిచింది, బావను! బజారంతా తిరిగి చూసింది. హనుమంతు ఉలిక్కిపడి, పిలిచిందెవరా అని గొంతు వచ్చిన వైపు గబగబా నాలుగడుగులు వేశాడు. వెనకాల దూలం రెండు కప్పులనూ ఈడ్చుకుంటూ కూలింది.

దుమ్ము తగ్గేసరికి ఇద్దరూ రోడ్డు మీద కూలబడి ఉన్నారు. ఇత్తడి దుకాణం లేదు, గాజుల దుకాణం లేదు.

"దెబ్బ తాకిందా, సక్కుబాయీ?" హనుమంతు సూటిగా ఆమెనే అడిగాడు.

లేదని తలూపితే సరిపోయేదే. కానీ ఇన్నాళ్లూ మింగిన భయమంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"భయమైతుంది బావా" అంది. "ఇగ యాడ కూసోవాలె నేను? ఎట్ల బతకాలె?"

ఆయన ఆ మట్టిగుట్ట వంక చూశాడు.

"నాకు గూడ గదే భయమైతుంది" అన్నాడు.