లొట్టి కింద పుచ్చపాదు

కోరుట్లలో కాకులకు కొదవ లేదు. బస్టాండు మీదా, మటన్ కొట్టు వెనకా పొద్దంతా కొట్లాడుకుంటూనే ఉంటాయి. కానీ రాజలింగం పోయిన మూడోనాడు, పిట్టకు పెట్టిన విస్తరి మీద మాత్రం ఒక్కటీ వాలలేదు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంటివాళ్లు ముద్ద ముట్టకూడదు. మాంసం పెట్టారు, గారెలు పెట్టారు, సీసాతో కల్లు పెట్టారు, బీడీకట్ట విప్పి మరీ పెట్టారు. కరెంటు తీగ మీది కాకి అన్నీ చూసి మెడ అటు తిప్పుకుంది.

"మనసుల ఏదో పెట్టుకొని పోయిండు," అన్నాడు ముత్యంపేట నుంచి వచ్చిన పెద్దన్న లక్ష్మీరాజం. తమ్ముడి కోరిక కంటే తన ఆకలే ఆయన్ని ఎక్కువ తొందరపెడుతోంది. "ఇంద్రమ్మా, పోయే ముందుగాల ఏమన్న అడిగిండా?"

ఇంద్రమ్మకు తెలుసు. ఆయన మనసు పెరట్లో ఉంది, నిమ్మకాయంత పుచ్చపిందె మీద.

రాజలింగం మోకాళ్లు మొరాయించేదాకా తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. ఎక్కడం మానేశాక కింద కూర్చుని చేసే పని పెళ్లాంతో వాదించడం ఒకటే మిగిలింది. ఊరంతా చలి పోయాక పుచ్చగింజలు పెడితే, ఆయన నడి చలికాలంలోనే కాయ తీస్తానన్నాడు. "మంచుకు పాదు ముడుసుకుంటది, ఒకేళ కాసినా తీపి రాదు," అంది ఆమె. "అయితది," అన్నాడు ఆయన. ఆ వాదన తెగకముందే పుష్యమాసంలో ఒక పొద్దున గుండె ఆగి పోయాడు. వాదన మధ్యలో లేచి పోవడం ఆయనకు అలవాటే. కాకపోతే ఎప్పుడూ తిరిగొచ్చేవాడు.

ఆ రోజు లక్ష్మీరాజం ఆ పిందెను తెంపించి విస్తట్లో పెట్టించాడు. కాకి దిగింది, పిందెను ఒక కన్నుతో చూసింది, ఎగిరిపోయింది. చివరికి విస్తరి ఆవుకు పెట్టి, చల్లారిన కూరలు అందరూ తిన్నారు. "రాజలింగంది కాకి ముట్టలేదట," అన్న మాట మాత్రం వాడకట్టులో చల్లారలేదు.

స్వర్గం ఉందో లేదో ఇంద్రమ్మకు పట్టింపు లేదు. ఉంటే అక్కడ తాటిచెట్లుండాలి, లేకపోతే ఆయన ఉండడు. ఎక్కడున్నా ఆకలితో ఉన్నాడన్న మాటనే ఆమె ఓర్చుకోలేకపోయింది. యాడాది పెట్టే నాటికి ఆ పెరట్లోనే కాయ పండాలి, కాకి ముట్టాలి. అంతే.

"జగిత్యాలల పన్నెండు నెలలు దొరుకుతున్నయమ్మా, ఒకటి తెచ్చి పెడదాం," అంది సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోయే బిడ్డ శ్రీలత.

"బజారు కాయ తింటడా మీ బాపు? ఇంట్ల కాసిన చారుకే వంకలు పెట్టి గని తాగకపోతుండె."

దీపావళి దాటాక గింజలు పెట్టింది. మొలకలు రాగానే చలి మొదలైంది. అటక మీద ఆయన వాడి వదిలేసిన కల్లు లొట్లున్నాయి, మట్టివి. పొద్దుగూకే వేళకు ఒక్కో మొలక మీద ఒక్కో లొట్టి బోర్లించేది, ఎండెక్కాక తీసేది. లొట్లకు ఇంకా కల్లు వాసన పోలేదు.

పక్కింటి బాలవ్వ గోడ మీంచి తొంగి చూసింది. "ఏందే ఇంద్రమ్మా, లొట్ల కింద ఏం దాస్తున్నవే?"

"నీ మొగన్ని. మా ఇంట్ల కల్లు వాసనస్తే ఆయినెట్లయినా అస్తడు గదా అక్కా."

"ఉంచుకో తల్లీ. నాకైతె ఇప్పటికే సాలయింది."

తీగలు లొట్లలో పట్టకుండా పెరిగాయి. శ్రీలత సిరిసిల్ల నుంచి బట్టల మూటలకు చుట్టే ప్లాస్టిక్ కవర్లు తెచ్చింది. వాటిని వంచిన కట్టెల మీద పరిచి చిన్న గుడారం కట్టారు, ఎండెక్కాక ఎత్తేవారు. పూలు వచ్చాయి, రాలిపోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ రాలాయి. ఆ చలికి తేనెటీగలు గడప దాటడం లేదు.

అప్పుడే మాసికం వచ్చింది. ఆయన పేర ఒక లొట్టిలో కొత్త కల్లు పోసి పాదు పక్కన పెట్టి, వంట గోలలో పడి మరిచిపోయింది. మధ్యాహ్నం చూస్తే లొట్టి చుట్టూ తేనెటీగలు ముసురుకుని ఉన్నాయి. కల్లు తాగి, పూల మీద పడి దొర్లి, మళ్లీ కల్లుకే వస్తున్నాయి. అచ్చం ఆయన దోస్తుల్లాగే. ఆ రోజు నుంచి ఆమె ప్రతి పొద్దునా లొట్టిలో ఇంత కల్లు పోసింది. రాజలింగం పెళ్లాం పాదుకు కల్లు పోసి పెంచుతోందని వాడకట్టులో మరో మాట పుట్టింది.

పిందెలు నిలిచాయి. ఒకదాన్ని ఉంచి మిగతావి గిల్లేసింది. దాని కింద వరిగడ్డి పరిచి, చుట్టూ ఎండకు కాగే రాళ్లు పేర్చింది. సాయంత్రం రాజలింగం గొంగడి దానికి కప్పి, తను పల్చటి చద్దరులో ముడుచుకుంది.

యాడాది పెట్టడానికి ముందు రోజు కాయ పెద్ద బిందెంత ఉంది. లోపల ఎరుపో తెలుపో ఎవరికీ తెలియదు. లక్ష్మీరాజం వేలితో కొట్టి, "టక్కుమంటున్నది. పచ్చిదే," అన్నాడు. బాలవ్వ కొట్టి, "డొబ్బుమంటున్నది. పండింది," అంది. చుట్టాలందరి ముందు కోశాక తెల్లగా కనబడితే? మళ్లీ కాకి మెడ తిప్పుకుంటే? ఇంద్రమ్మ ఆ రాత్రి రెండుసార్లు లేచి గొంగడి సర్ది వచ్చింది. లక్ష్మీరాజం మాత్రం జాగ్రత్త మనిషి. జగిత్యాల నుంచి ఒక కాయ చంకన పెట్టుకునే వచ్చాడు.

పొద్దున్నే గొంగడి తీసి, కాయకు ఎండ తగలనిచ్చి, ఇంద్రమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. గారెలు సగం అయ్యాయో లేదో పెరట్లోంచి శ్రీలత కేక పెట్టింది.

"అమ్మా! కాకి!"

కాయ మీద కాకి కూర్చుని ఉంది. తొక్కకు అప్పటికే బొక్క పడింది. లోపల ఎర్రగా ఉంది. ముక్కు ముంచి, తలెత్తి మింగి, మళ్లీ ముంచుతోంది.

లక్ష్మీరాజం కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. "ఎంగిలైపాయె! ఇగ ఇస్తారిల పెట్టరాదు!"

ఇంద్రమ్మ ఆ కట్టెను గట్టిగా పట్టుకుంది. చేతికి గారెల పిండి ఇంకా అంటుకునే ఉంది.

"కొట్టకు బావా. ఇస్తారి ఏసేదాక ఎన్నడన్న ఆగిండా నీ తమ్ముడు? కూర ఉడకకముందే గంజు మూత తీస్తుండె."

లక్ష్మీరాజం కట్టె వదిలాడు. అందరూ నిలబడే ఉన్నారు. కాకి ఎవరినీ లెక్కచేయకుండా, కడుపు నిండా తిని, రాళ్ల మీద ముక్కు రుద్దుకుని కరెంటు తీగ మీదికి పోయింది.

అయినా పద్ధతి పద్ధతేనని లక్ష్మీరాజం విస్తరి వేయించి, జగిత్యాల కాయ కోసి పెట్టి, గొంతు పోయేలా కాకిని పిలిచాడు. ఏదీ దిగలేదు.

"ఆయిన తిన్నడు. మీరు తినుండ్రి," అంది ఇంద్రమ్మ.

కాకి ముట్టని వైపు కోసి పెరటి కాయను తలా ఒక ముక్క పంచింది. అందరూ నమిలారు. చివరికి బాలవ్వే అంది, "ఇంద్రమ్మా, ఏమనుకోకు గని, సప్పగున్నదే."

ఇంద్రమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చప్పగానే ఉంది, బీరకాయ లాగా. ఆమెకు ముందు నవ్వు వచ్చింది, వెనకే కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని తీగ వైపు తల ఎత్తింది.

"అయితదన్నవ్, అయింది. నేను తీపి రాదన్న, రాలే. ఇంకేమన్న ఉన్నదా?"

కాకి ఏమీ అనలేదు. ఆయన జవాబు చెప్పకుండా ఉండడం ఆమె చూసింది అదే మొదలు.

"ఇంట్లకెంచి ఉప్పు, కారంపొడి పట్టుకరా బిడ్డా," అంది శ్రీలతతో. "పారేస్తమా ఏంది?"