సాహెబు నవ్వితే నవ్వుదామని

నిన్న మా అమ్మాయి ఫోనులో ఏదో పాత నలుపు-తెలుపు సినిమా పెట్టింది. అందులోని అకార్డియన్ మోత వంటింటిదాకా వచ్చింది. అలాంటి మోత చెవిన పడితే నాకు మా హెడ్‌క్లర్కు గంగాధర్ సారే గుర్తొస్తాడు. పొయ్యి మీద పోపు మాడుతున్నా కదల్లేకపోయాను.

ఆయనది తెలంగాణ సరిహద్దున ఉన్న ఇస్లాపూర్. నాందేడులోని మా సర్కారీ ఆఫీసులో నేను కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది ఆయనే. తప్పు రాస్తే తిట్టడు, బాగుందని అబద్ధమూ చెప్పడు. ఆఫీసు వెనక హాల్లో శనివారం సాయంత్రాలు స్టాఫు కుటుంబాలకు ప్రొజెక్టరు పెట్టి సినిమా వేసేవాడు. ఆ హాలంటే ఆయనకు ప్రాణం. దాన్ని పాత ఫైళ్ళకు గోదాము చేయాలని పైనుంచి మాట వచ్చింది. ఒకసారి వచ్చి చూసి తేలుస్తానని మా పై అధికారి, మేం సాహెబు అనే ఆయన, కబురు పెట్టాడు.

ఆ రోజుకు హిందీ సినిమా వేయమని అందరం మొత్తుకున్నాం. సారు వినలేదు. అకార్డియన్ మోతతో సాగే ఫ్రాన్సు వాళ్ళ పాత హాస్య చిత్రం ఒకటి తెచ్చాడు. మాటలు తక్కువ, తెలుగువాళ్ళకూ మరాఠీవాళ్ళకూ సమానమే అన్నాడు. ఒక సర్వరు జమీందారుకు సూపు తెచ్చి చెంచా మరుస్తాడు. చెంచా వెతకడానికి ఇల్లంతా తలకిందులవుతుంది. అదే కథ.

సాహెబుకు ముందు వరసలో సోఫా వేశాం. సినిమా నడుస్తోంది, హాల్లో చప్పుడు లేదు. నాకు కడుపులో నవ్వు పొంగుతోంది కానీ కళ్ళు మాత్రం సాహెబు బట్టతల మీదే ఉన్నాయి. అందరివీ అక్కడే. పెద్దాయన నవ్వాకే మనం నవ్వాలన్నది మా ఆఫీసు మర్యాద. ఆయనేమో వెనక ఎవరూ నవ్వకపోయేసరికి ఇది నవ్వే సినిమా కాదేమో అనుకున్నట్టున్నాడు.

సారు సినిమా ఆపి నా దగ్గరికొచ్చాడు. "బిడ్డా, సోఫా ఆ కొస పట్టు. ఎనకకు పెడదాం."

"సాహెబు ఏమనుకుంటడో సారూ. హాలు పోతది."

"గిట్ల కూసుంటే హాలు ఉండి ఏం ఫాయిదా?"

తెర దగ్గర కళ్ళు నొప్పిపెడతాయని సాహెబుకు మరాఠీలో నచ్చజెప్పి సోఫాను వెనక గోడదాకా జరిపించాడు. సినిమా మళ్ళీ మొదటినుంచి వేశాడు. ముందు అకౌంటెంటు భార్య కిసుక్కుమంది. తరవాత హాలంతా పగలబడి నవ్వింది. నేనైతే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఒక్కచోట మాత్రం మాకు నవ్వు రాలేదు. అందరూ చెంచా కోసం పోయాక, జమీందారు అటూ ఇటూ చూసి గిన్నె ఎత్తి గటగటా తాగేస్తాడు. అప్పుడు వెనకనుంచి ఒక్కడి నవ్వు గట్టిగా వినిపించింది. మేమెవరమూ తల తిప్పలేదు.

పోయేటప్పుడు సాహెబు చెప్పులేసుకుంటూ, హాలు అలాగే ఉండనీ అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, చాలా ఏళ్ళకు ఇవాళ నా వెంట ఎవరూ నవ్వకుండా నేనొక్కణ్ణే నవ్వాను అన్నాడు.

గంగాధర్ సారు పోయి మూడేళ్ళయింది. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. నేనేం జోకు చెప్పినా సెక్షనంతా నవ్వుతుంది. మొదట్లో సంబరపడ్డాను కూడా. ఇప్పుడు మీటింగుల్లో వెనక వరసలోనే కూర్చుంటాను. అయినా మెడలు తిప్పి చూసి మరీ నవ్వుతారు. నా జోకు విని "దీనికి నవ్వు రాలే బిడ్డా" అని మొహం మీద చెప్పింది ఆయనొక్కడే. ఆయన లేని లోటు నాకు అందరూ నవ్వినప్పుడే తెలుస్తోంది.