వెదురు చంద్రికలు

పురుగు పండే రోజంటే నాకు ఇప్పటికీ అప్పటి మా ఇల్లే గుర్తొస్తుంది. శ్రీనివాసపురం తాలూకాలో మాది పట్టుపురుగులు పెంచే ఊరు. ఆకు తినడం మానేసి, ఒళ్ళు పసుపు తిరిగిన పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి చంద్రికల మీద వదలాలి. చంద్రిక అంటే మేదరివాళ్ళు అల్లిన వెదురు తడిక. దానిమీద చుట్లు చుట్లుగా బిగించిన వెదురు పట్టీ సందుల్లో పురుగులు గూళ్ళు కట్టుకుంటాయి. ఒక్క ఇంటివాళ్ళ చేతులు చాలవు కాబట్టి వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చేవాళ్ళు. అమ్మ రాగిముద్ద, అనపగింజల పులుసు చేసి పెట్టేది. ఏ అత్తకు ఏ కోడలితో మాటల్లేవో నాకు ఆ రోజే తెలిసేది. ఆ కబుర్లు మళ్ళీ వినాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది.

నాకు ఉద్యోగం వచ్చింది కూడా పురుగుల పుణ్యానే. పరాయి దేశం ఒకటి మా పట్టు రైతులకు సాయం చేస్తామని ముందుకొచ్చింది. వాళ్ళ నిపుణుల వెంట ఊళ్ళు తిరిగి, వాళ్ళు చెప్పింది రైతులకు తెలుగులో చెప్పడం నా పని. తెల్ల గూళ్ళు కట్టే పురుగులు, ప్లాస్టిక్ చంద్రికలు, మందులు, దారం తీసే యంత్రాలు, అన్నీ వస్తాయి. అయితే సాయం సొమ్ముతో కొనేవన్నీ ఆ దేశపు ఫ్యాక్టరీల్లోనే కొనాలి. ఆ సంగతి మా పై అధికారి టీ తాగుతూ, సాయంత్రం వాన పడేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. నేనూ అంతే మామూలుగా తలూపాను. నెల జీతం తలూపడం బాగా నేర్పుతుంది.

ఒకరోజు ఆ దేశపు నిపుణుడు మా ఇంటికే వచ్చాడు. అమ్మ ఒక వెదురు చంద్రిక తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆయన్ని అడుగప్పా. ఆ సాయమేదో మా మేదరోళ్ళకిచ్చి, ఇట్లాంటివే ఇంగా బాగా అల్లిస్తే కాదా?"

నేను అడగలేదు. అది ఆ సాయంలో అడగకూడని ప్రశ్న అని నాకు తెలుసు. మా అమ్మ మీకు కృతజ్ఞతలు చెబుతోందని ఇంగ్లీషులో అన్నాను. ఆయన నవ్వి అమ్మకు చేతులు జోడించాడు. నేను అమ్మవైపు తిరిగి, వెదురు సందుల్లో రోగం దాక్కుంటుందట, వద్దంటున్నాడని చెప్పాను. వారం తిరక్కుండా అమ్మ చంద్రికలన్నీ నీళ్ళపొయ్యిలో పెట్టేసింది.

ప్లాస్టిక్ వాటిమీదికి పురుగులు వాటంతటవే ఎక్కేవి. గూళ్ళకు ధర బాగానే పలికింది, అబద్ధం ఎందుకు. ఏరే పని లేదు గనుక వీధి ఆడవాళ్ళు రావడం మానేశారు. కొన్నేళ్ళకు ఆ దేశంలో మా పట్టు కొనే మిల్లులు మూతబడ్డాయి. ఇంక మా గూళ్ళతో వాళ్ళకేం పని? సాయం ఆగిపోయింది. విరిగిన ప్లాస్టిక్ చంద్రికలకు బదులు కొత్తవి రాలేదు.

మొన్న వేసవిలో వెదురువి అల్లిద్దామని గౌనిపల్లి దాకా తిరిగాను. అల్లేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, ఇక దాచుకోలేక, ఆనాడు నేను ఆయన్ని అడగనే లేదని అమ్మకు చెప్పేశాను. అమ్మ మల్బరీ ఆకు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"తెలుసప్పా. వద్దనే మనిషి యాడైనా అట్ల నవ్వి చేతులు జోడిస్తాడా? మనింట్లోనే వెదురువి ఉంటే ఊర్లో నీ మాట ఎవురింటారు? నీ పని నిలవాలనే కాల్చినాను" అంది.