చదవకుండా మడిచిన రెండో కాగితం

“నా తమ్మున్ని తెచ్చినాకనే నాతో మాట్లాడు” అన్నాను నేను.

“తెస్తాలేమే. తలుపేసుకో, ఎండ పడతాండాది” అన్నాడు ఆయన.

ముప్పై ఏండ్ల కాపురంలో మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. నేను తలుపు వేసుకున్నాను. ఆయన పోతుంటే చూడను కూడా లేదు. రెండు గంటలు తిరక్కముందే ఫోను వచ్చింది. కడప బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడని, గుండె ఆగిందని చెప్పారు. నేను నమ్మలేదు. “ఆయన ఒళ్ళో ఒక కవరుండాల, ఉండాదేమో చూడప్పా” అన్నాను. కవరు లేకుంటే అది వేరెవరో అనుకున్నాను. కవరు ఉంది.

జ్ఞాపకార్థ కూడికలో పంచే పుస్తకానికి నాలుగు మాటలు చెప్పమని పాస్టరయ్య అడిగాడు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బైబిల్లో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మా తమ్ముని కూతురు ప్రసన్న రాస్తోంది. “నిరాడంబరులు, పరోపకార పరాయణులు, దీనబాంధవులు అని పెట్టమ్మా” అన్నాడు పాస్టరయ్య. పెట్టు ప్రసన్నా, అబద్ధమేం కాదు. కానీ ఆ మాటలు ఎవరు చనిపోయినా రాయొచ్చు. మా ఆయన యేసురత్నం ఎట్లాంటివాడో వేరే చెప్పాలి.

ఆయన కువైట్‌లో పద్దెనిమిదేండ్లు కారు తోలాడు. అంగళ్ళ బోర్డులు, మందు సీసాలు చూసి చూసి అరబ్బీ అక్షరాలు తనంతట తానే నేర్చుకున్నాడు. మోకాళ్ళు అరిగి ఇంటికి వచ్చాక, రాజంపేట చుట్టుపక్కల ఎవరికి వీసా వచ్చినా ఆ కాగితం మా రేకుల పంచలోకి వచ్చేది. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని దాన్ని మూడుసార్లు గట్టిగా చదివి తెలుగులో చెప్పేవాడు. తర్వాత కాగితం తొడ కింద పెట్టుకుని మూడు ప్రశ్నలు అడిగేవాడు. “ఏం పనికి పోతాండావు? ఎవురి కాడికి? ఆ పని ఇడిస్తే నీకేమైతాది?” జవాబు రాకపోతే మళ్ళీ మొదటి నుంచి చదివేవాడు. ఒక పిల్లోడు విసుక్కుని, “నేను డిగ్రీ చదివినాన్నా” అన్నాడు. “అట్లయితే నీకు నాలుగుసార్లు చదవాల. ఇనకముందే తెలిసిపోయిందనుకుంటావు నువ్వు” అన్నాడు ఆయన.

ఆ మూడో ప్రశ్నకే అందరూ తడబడేవాళ్ళు. ఇంటి పనికని వీసా తీసుకున్నవాడు ఆ ఇంట్లోనే చేయాలి. బయట లారీ తోలినా తప్పే. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. ఆ యజమాని కోపమొచ్చి, పనివాడు పారిపోయాడని కేసు పెడితే అక్కడ ఉండే అనుమతి పోతుంది. ఇక అక్కడ పని దొరకదు, ఇంటికి రావడానికీ వీలుండదు. “దేశానికి పోతాండామనుకుంటారు. పొయ్యేది ఒక్క మనిషి చేతి కిందికి” అనేవాడు.

మా వీధి కాసింబీ మొగుడు కూడా అక్కడే ఉన్నాడు. అతను పంపిన డబ్బుతో స్థలం కొన్నారని ఆమెకు ఇన్‌కమ్‌టాక్స్ నోటీసు వచ్చింది. ఆమె భయపడి దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. ఆయనకు తెలిసి, “దాస్తే ఆ కాగితం పాసిపోతాదనుకున్నావా?” అన్నాడు. “నన్ను జైల్లో ఏస్తారా అన్నా?” అని ఏడ్చింది. “ఏస్తే నీ కోళ్ళకు నేను గింజలేస్తాలే” అన్నాడు. ఏడుస్తున్నదల్లా నవ్వింది. అక్కడుండి సంపాదించిన జీతానికి ఇక్కడ పన్ను పడదని, కానీ ఎక్కడిదని అడిగినప్పుడు గడువులోగా చెప్పకపోతేనే చిక్కని ఆమెకు నచ్చజెప్పాడు. బ్యాంకు కాగితాలన్నీ వరుసగా పేర్చి ఆడిటరు దగ్గరికి తనే తీసుకుపోయాడు. దాంతో అది తీరిపోయింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పోయిన ఏడు మా తమ్ముడు దావీదు, ఇది రాస్తున్న ప్రసన్నకు నాయన, వీసా కాగితాలు తెచ్చాడు. డ్రైవరు పని అని ఏజెంటు చెప్పాడట. ఆ ఏజెంటు బయట ఆటోలో కూర్చుని హారన్ కొడుతున్నాడు. కాగితాలు రెండు. మొదటిదాంట్లో పేర్లు, ఊరు సరిపోయాయి. ఆయన రెండోది విప్పుతుంటే నేను వంటింట్లో నుంచి వచ్చాను. “బయటోళ్ళను అడిగినట్టు వాన్ని గూడా అడగాల్నా? వాడేమన్నా పరాయోడా? సంగటి సల్లగైతాంది, లెయ్” అన్నాను. “అక్కే చెప్పె, ఇంగేంది బావా” అని దావీదు నవ్వాడు. ఆయన రెండో కాగితం మడిచి కవర్లో పెట్టాడు. మా ఇండ్లలో ఇంతే. పరాయివాణ్ణి నూరు ప్రశ్నలు అడుగుతాం. మనవాణ్ణి ఒక్కటి అడిగితే అనుమానించినట్టని మూతి ముడుచుకుంటాం.

ఆ రెండో కాగితంలో గొర్రెల కాపరి అని ఉంది.

దావీదు ఎడారిలో కొన్ని నెలలు ఓర్చుకున్నాడు. జ్వరం పడితే చూసే దిక్కులేక, నడిచి రోడ్డు మీదికి వచ్చి మనవాళ్ళ గదికి చేరాడు. కఫీల్ పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని కేసు పెట్టాడు. ఆనాటి నుంచి ఎవరు అడిగినా మా ఆయనది ఒకటే మాట: “నేనే సరిగ్గా చదవలేదు.” ప్రసన్న వాళ్ళమ్మ మా వాకిట్లో నిలబడి తిట్టినప్పుడూ అదే అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి, చదవబోతున్న మనిషిని లేపింది నేనని చెప్పలేదు. చెప్పకపోగా నేనూ దెప్పాను. “ఊరందరివీ చదివితివే, నా తమ్మునిది చదవలేకపోతివే” అన్నాను. ఆయన నా మొగం చూసి, “అవునుమే” అనేవాడు. ఒక్కసారైనా నా మాట ఎత్తలేదు.

ఎందుకు ఆపినావు ప్రసన్నా? రాయి. పాస్టరయ్య ఏమనుకున్నా సరే, ఇది రాయి.

ఆయన ఒళ్ళో దొరికిన కవర్లో దావీదును ఇంటికి తెప్పించమని రాసిన అర్జీ ఉంది. కలెక్టరాఫీసులో ఇవ్వడానికే పోతున్నాడు. సమాధి చేసిన మూడో నాడు ప్రసన్నే తీసుకుపోయి ఇచ్చింది. ఇంకా ఏ కబురూ రాలేదు. దావీదుకు బావ పోయాడని ఫోన్లో చెప్పాను. “ఇంగ నా కాగితాలు ఎవురు సదువుతారక్కా” అన్నాడు. నిన్న వేంపల్లె నుంచి ఒకాయన చేతిలో కాగితంతో వచ్చాడు. సంగతి తెలియదట. ముక్కాలిపీట దగ్గర కాసేపు నిలబడి, కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పీట మీద కూర్చోగలవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆయనకు నేను ఇవ్వగలిగిన నివాళి ఇంతే: తప్పు ఆయనది కాదని నలుగురిలో చెప్పడం. ఇది అచ్చయ్యాక ఫోటో తీసి దావీదుకు పంపు. చదివి వాడు నాతో మాట్లాడకపోయినా సరే. రెండు కాగితాలయింది అంటున్నావు కదా. మొదటి నుంచి చదివి వినిపించు తల్లీ. నిదానంగా చదువు. రెండోది కూడా.