ఎడమ చెయ్యే కదండీ

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం మాత్రం మా అమ్మ మొట్టికాయలు వేసి నేర్పింది. రాత జోలికి ఆవిడ రాలేదు. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరుగా ఇరవై ఏళ్ళు బోర్డు మీద ఎడమచేత్తోనే రాశాను.

ఒక ఆదివారం కలిదిండిలో తోటి టీచరు గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాలయ్యాక అద్దెకారులో తిరిగొస్తున్నాం. నేను డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాను. రొయ్యల మేత బస్తాలతో ఒక వ్యాను చెరువుగట్టు మీంచి ఆగకుండా రోడ్డెక్కి, నేనున్న వైపు తలుపును గుద్దింది. వెనక కూర్చున్నవాళ్ళు గీరుడు గాయాలతో బయటపడ్డారు. నా ఎడమ మోచెయ్యి మూడు ముక్కలైంది.

ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. మర్నాడు మా ఆయన మందులకని కిందికి వెళ్ళినప్పుడు, తెల్లచొక్కా ఆయనొకడు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒక లాయరుగారి గుమాస్తానని చెప్పుకున్నాడు.

“మీరేం తిరగక్కర్లేదండీ. ఇన్సూరెన్సు వాళ్ళ మీద కేసు మా సారు వేస్తారు. డబ్బొచ్చాకే ఫీజు. ఈ రెండు కాగితాల మీద సంతకం పెట్టండి చాలు.”

“చెయ్యి కట్టులో ఉందండీ. నేను రాసేది దాంతోనే.”

“కుడిచేత్తో ఎలాగోలా పెట్టెయ్యండి. వంకరగా ఉన్నా పర్లేదు.”

పెట్టాను. ప్రశ్న రెండుసార్లు చదివితే గాని పెన్ను ముట్టుకోవద్దని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, ఆ కాగితాల్లో ఏముందో ఒక్కసారి కూడా చదవలేదు. మత్తు దిగలేదని ఇప్పటికీ సర్ది చెప్పుకుంటాను గాని, నిజానికి ఇంకొకరు అన్నీ చూసుకుంటామంటే హాయిగా అనిపించింది.

లాయరుగారి ముఖం చూడడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి కట్టు విప్పారు. చిటికెన వేలు, ఉంగరం వేలు వంగడం లేదు. సుద్దముక్క పట్టుకుంటే జారిపోతోంది. ఆయన ఆఫీసులో కూర్చుని నా పిటిషన్ చదివాను. ఎడమ మోచెయ్యి విరిగినదని ఉంది. నేను ఆ చేత్తోనే రాస్తానన్న మాట ఎక్కడా లేదు.

“ఎడమ చెయ్యే కదండీ మేడమ్. అదృష్టవంతులు మీరు” అన్నారాయన ఫోనులోంచి తలెత్తకుండా.

“నాకు అదే కుడిచెయ్యండీ. ఆ మాట ఇందులో రాయండి.”

“ఇప్పుడు మార్చడమంటే మళ్ళీ ఒక పిటిషను, మళ్ళీ వాయిదాలు. సాక్ష్యంలో చెబుదురుగాని.”

లాయరును మార్చేద్దామన్నాడు మా ఆయన. మా తాడేపల్లిగూడెంలోనే ఇంకొకాయన్ని అడిగితే, మొదటి లాయరు అభ్యంతరం లేదని రాసివ్వాలన్నాడు. ఆ సంతకం కోసం మళ్ళీ ఏలూరు వెళ్ళాం. మా లాయరుగారు ఏమీ కోపగించుకోలేదు. కాఫీ తెప్పించారు. “రాసిస్తానండీ, దానికేం. కానీ ఈ స్టేజీలో మారిస్తే కథ మొదటికొస్తుంది. ఆలోచించుకోండి” అన్నారు. భయపడి ఊరుకున్నాం.

ఆ తర్వాత ఏడాదిన్నర వాయిదాలే. ప్రతిసారీ సెలవు పెట్టి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి లాయర్లు కోర్టులు బహిష్కరించారు. ఒకసారి అందరూ ఉన్నారు, నా ఫైలు కనబడలేదు.

చివరికి నన్ను బోనెక్కించిన రోజున మా లాయరుగారు వేరే కోర్టులో ఉన్నారు. తన జూనియరును పంపారు. ఇన్సూరెన్సు తరఫు లాయరు పెద్దాయన, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“అన్నం ఏ చేత్తో తింటారమ్మా?”

“కుడిచేత్తోనండీ. కానీ రాసేది...”

“అడిగినదానికే చెప్పండమ్మా.” ఆసుపత్రి మంచం మీద సంతకం పెట్టిన వకాల్తా కాగితం నా ముందు పెట్టాడు. “ఈ సంతకం మీదేనా?”

“నాదేనండీ.”

“ఏ చేత్తో పెట్టారు?”

“కుడిచేత్తోనండీ. అప్పుడు ఎడమ చేతికి కట్టు ఉందండీ.”

“అంటే కుడిచేత్తో రాయగలరన్నమాట. జీతం ఏమైనా తగ్గిందామ్మా?”

“లేదండీ.”

అంతే, కూర్చున్నాడు. నేను జూనియరు వైపు చూశాను. లేచి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగిలింది నేనే చెప్పుకుంటాను. అతను ఫైలులో కాగితాలు తిప్పుతూ ఉండిపోయాడు. జడ్జిగారు ఇంకో కేసు పిలిపించారు.

తీర్పులో ఆసుపత్రి ఖర్చులు, కొంత నొప్పికీ బాధకీ ఇచ్చారు. చెయ్యి గురించి ఒకే వాక్యం: కుడిచేతి వాటం గల పిటిషనరు వృత్తికి ఎడమ చేతి గాయం వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. ఆ కాగితం చదువుతుంటే, నన్ను కాదు, నా పేరున్న ఇంకెవరినో విచారించారనిపించింది. ఆ రోజు ఎనిమిదో తరగతి బోర్డు మీద కుడిచేత్తో వేసిన వృత్తం గుమ్మడికాయలా వచ్చింది. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అప్పీలు చేస్తానని చెప్పి ఫైలు అడిగాను. మూడోసారి వెళ్తే ఇచ్చారు. ఏలూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఆసుపత్రి కేసు షీటు ఉంది. నన్ను తీసుకొచ్చిన రోజున డ్యూటీ డాక్టరు అడిగి రాసుకున్నది: ఎడమచేతి వాటం. ఇంగ్లీషులో, కింద గీత కూడా గీసి. ఆ కాగితం మా వైపు నుంచి కోర్టులో దాఖలు చెయ్యనేలేదు.

బస్సు వదిలేసి లాయరుగారి ఆఫీసుకి వెనక్కి వెళ్ళాను. మెట్లు దిగుతూ ఆయనే ఎదురొచ్చారు. కాగితం చూపించాను.

“ఇది మీ ఫైల్లోనే ఉందండీ. రెండేళ్ళుగా ఉంది.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ముఖంలో ఏ మార్పూ లేదు. “మంచి పాయింటండీ. అప్పీల్లో పనికొస్తుంది” అని నా చేతికే ఇచ్చి కారెక్కారు.

అరవాలనిపించింది. మా ఇంటావంటా లేదు అలాంటి అలవాటు. మెట్ల మీద అలాగే నిలబడి, ఆ కాగితాన్ని తక్కిన వాటి నుంచి వేరు చేసి నా సంచిలో పెట్టుకున్నాను.

అప్పీలు ఇంకో లాయరమ్మగారి చేత వేయించాను. వకాల్తా ఇంటికి తెచ్చుకుని, ప్రతి వాక్యం చదివి, రెండు చోట్ల తప్పులు దిద్దించాకే సంతకం పెట్టాను. హైకోర్టులో నంబరైతే పడింది. విచారణ ఎప్పటికొస్తుందో ఆవిడా చెప్పలేకపోతోంది.