వంత లేని పాట

మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడి అల్లం చాయ్ ఊదుకుంటుంటే వెనక ఎవరిదో ఫోను మోగింది. తంబుర శబ్దం. అంటే నిజం తంబుర కాదు, కంప్యూటర్లో పుట్టించిన నున్నటి శబ్దం, దాని మీద ఢాం ఢాం అని డ్రమ్ములు. ఈ మధ్య హైటెక్ సిటీలో ఏ లిఫ్టు ఎక్కినా, ఏ క్యాబులో కూర్చున్నా ఇదే గోల. చిన్నప్పుడు మా పొరుగింట్లో ఉండిన కొమరయ్య తాత జీవితం మీద తీసిన సినిమాలోని పాట. ఫోను మా టీములో కొత్తగా చేరిన స్వాతిది. "మేడమ్, సినిమా చూశారా? ఒక్కడే నిలబడి మొత్తం స్టేజీని ఎలా ఊపేశాడో! నాకైతే ఏడుపాగలేదు," అంది. 'ఒక్కడే' అన్న మాట దగ్గర నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. పాపం, ఆ అమ్మాయి తప్పేమీ లేదు, చూసిందే చెప్పింది. కానీ కొమరయ్య తాత ఒక్కడే పాడగా ఎవరూ వినలేదు. అలా విన్నది ఆ సినిమా తీసినవాళ్ళే.

మా నాన్నది ఏలూరు వైపు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి మమ్మల్ని తీసుకొచ్చారు. మేము కిరాయికి దిగిన ఇంటి వెనక గోడకు అవతలే కొమరయ్య తాత వాళ్ళుండేవారు. శారద కథలు చెప్పే కుటుంబం. శారద అంటే ఆయన భుజానికి తగిలించుకునే తంబుర. ఆయన కథ చెబుతూ పాడితే, పక్కన ఆయన భార్య నర్సవ్వ డక్కీ అనే చిన్న వాద్యం మీద దరువు వేస్తూ వంత పాడేది. ఎవరింట్లో కార్యం జరిగినా, ఏ బస్తీలో పండగైనా పిలిచిన చోటికి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని సాధన చేసేవారు. అమ్మకు మొదట్లో తలనొప్పిగా ఉండేది. "ఏవండీ, ఈ గోల వారం వారం భరించాలాండీ?" అని నాన్న మీద విసుక్కునేది. రెండు నెలలు తిరగకుండా తనే కూరలు తరుక్కోవడానికి కత్తిపీట తీసుకెళ్ళి ఆ గోడ పక్కనే వేసుకుని కూర్చునేది. నాన్న టేప్ రికార్డరు గోడ మీద పెట్టి ఒక కథ మొత్తం పట్టారు. ఆ క్యాసెట్టు ఇప్పుడు నా ఫోన్లో ఉంది. మణికొండ నుంచి ఆఫీసుకు వచ్చే ట్రాఫిక్కులో నన్ను బతికిస్తున్నది అదే.

చిన్నప్పుడు నాకు నోరు పెగిలేది కాదు. బళ్ళో టీచరు నిలబెట్టి అడిగితే వచ్చిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయేది. ఒకసారి నర్సవ్వకు జ్వరం వచ్చి గొంతు పూర్తిగా పోయింది. సాధన వేళకు నేను వాళ్ళ వాకిట్లో ఉన్నాను. కొమరయ్య తాత తంబుర మీటి, తప్పిపోయిన చెల్లెలిని అన్న వెతికే కథ ఎత్తుకున్నాడు.

"ఏటి నీళ్ళు దాటి చెల్లె ఎటు వోయె..."

అక్కడ ఆపేశాడు. ఆయన నా వంక చూస్తున్నాడు. నర్సవ్వ మంచంలోంచి చెయ్యి ఊపుతోంది, అనవే అన్నట్టు. నేను గొణిగాను. "ఎటు వోయె నా తల్లి ఎటు వోయెరా."

"ఊకె అనుడు గాదు బిడ్డా వంత," అన్నాడు తాత. "నా మాట కింద వడకముందే నువ్వు అందుకోవాలె. నువ్వు అందుకున్నవనుకో, గప్పుడు నేను ఊపిరి తీసుకుంట. నువ్వు బెల్లం కొట్టిన రాయి లెక్క కూసుంటె నా గతేంగాను? కథ నడిమిట్లనే సస్త."

నర్సవ్వ జ్వరంలోనే నవ్వింది. నాకు మాత్రం భయమేసింది, నా మూలంగా ఈయన నిజంగా చచ్చిపోతాడేమోనని. ఆ భయంతోనే గొంతు విప్పాను. ఆ తరువాత చాలా ఆదివారాలు నర్సవ్వ పక్కన కూర్చుని వంత పాడాను. ఎదుటి మనిషి మాట ఎక్కడ వాలుతుందో చెవి పెట్టి వినడం, అది నేల తాకకముందే పట్టుకోవడం నాకు అక్కడే అలవాటయింది. ఈ రోజుకీ మీటింగులో ఎవరైనా సగంలో తడబడితే నేను అందుకుంటాను. దానికి మా ఆఫీసులో ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టి మెచ్చుకుంటారు. అది వంత, అంతే.

ఆయన మొండితనం గురించి కూడా చెప్పాలి. ఒకసారి నగరంలో ఒక పెద్ద సభకు పిలిచారు. మమ్మల్ని కూడా వెంట తీసుకెళ్ళాడు. నిర్వాహకుడు వచ్చి, "మైకు ఒక్కటే ఉందండి, స్టేజీ కూడా చిన్నది. అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు పాడేయండి, పదినిమిషాలే కదా," అన్నాడు. కొమరయ్య తాతకు కోపం రాలేదు. నిదానంగా తంబురకు గుడ్డ సంచి తొడిగాడు.

"ఒక్కటే మైకుంటె ఆమెకియ్యుండ్రి సారూ. నాది పెద్ద గొంతు, నాకేం ఫికర్ లేదు."

నిర్వాహకుడు తల పట్టుకున్నాడు. చివరికి మైకు నర్సవ్వకే ఇచ్చారు. తాత అరిచి పాడాడు. వెనక వరుసలో కూర్చున్న మాకు కూడా ఇద్దరి గొంతులూ సమంగా వినిపించాయి.

ఇప్పుడు సినిమా సంగతి. తాత పోయిన కొన్నాళ్ళకు సినిమా వాళ్ళు నర్సవ్వ ఇంటికి వచ్చారు. చాప మీద కూర్చుని చాయ్ తాగారు, ఆమెతో పాడించుకుని రికార్డు చేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, మీరు లేకుండా ఈ సినిమానే లేదు," అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె బస్తీ అంతా చెప్పుకుంది. సినిమా విడుదల కాగానే నాకు ఫోను చేసింది. "బిడ్డా, నా వేషం ఎవలు ఏశిండ్రో సూడాలె. జర తోల్కవోతవా?"

తీసుకెళ్ళాను. ఇస్త్రీ చీర కట్టుకుని, నున్నగా తల దువ్వుకుని వచ్చింది. మాల్ గుమ్మంలో సెక్యూరిటీ అమ్మాయి ఆమె వక్కాకు సంచి తీసి బుట్టలో పడేసింది. నాకు ఒళ్ళు మండింది. "పోనీ తియ్, సినిమ సూస్తుంటె ఆకెందుకు," అని నర్సవ్వే నన్ను సముదాయించింది. ఆమె మనసంతా తెర మీదే ఉంది. నలభై ఏళ్ళు ఆయన పక్కన నిలబడి పాడిన సంగతి నలుగురికీ తెలుస్తుందన్న ఆశ అది. నాకూ అదే ఆశ.

ఆ తరువాతి మూడు గంటలు నేను పళ్ళు నూరుతూనే ఉన్నాను. జీడిమెట్ల బస్తీ కాస్తా కొబ్బరిచెట్ల పల్లెటూరైంది. బక్కపలచని తాతకు కండలు తిరిగిన జబ్బలొచ్చాయి. దొరగారి అమ్మాయితో ఒక ప్రేమ కథ! తాత వింటే తంబుర తిరగేసి కొట్టేవాడు. అదంతా పోనీ అనుకున్నా, నర్సవ్వ ఏదీ? ఇంటర్వెల్ ముందు పొయ్యి ఊదుతూ ఒకామె కనబడింది. హీరో బయటికి వెళ్తుంటే గుమ్మం పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆమె చేతిలో డక్కీ లేదు, నోట్లో పాట లేదు. పెళ్ళికూతురిని మరిచి పెళ్ళి చేసినట్టుంది వీళ్ళ వ్యవహారం.

"గామెనా నేను?" అంది నర్సవ్వ. "అయ్యుండొచ్చు అవ్వా," అన్నాను. "పొయ్యి ఊదుడు మంచిగనే ఊదుతుంది," అంది.

చివరికి ఆ ప్రసిద్ధమైన ఘట్టం వచ్చింది. పెద్ద స్టేడియం, వేలమంది జనం, నడుమ హీరో ఒక్కడే. అదే చెల్లెలి కథ ఎత్తుకున్నాడు. పాట వింటూనే నర్సవ్వ వెన్ను నిటారైంది. కుడిచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద దరువు పట్టాయి. "ఎటు వోయె..." అని హీరో అనగానే, నలభై ఏళ్ళ అలవాటు, ఆమె అందుకోబోయింది. "ఎటు వోయె నా తల్లి..." కానీ హీరో ఆగలేదు. ఆమె మాట మీదుగా తొక్కుకుంటూ తరువాతి చరణంలోకి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి, "కొంచెం సైలెంట్‌గా ఉండండి ఆంటీ," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, పాటకు కరిగిపోతున్నాడు! అసలు వంత పాడే మనిషి నోరు మూయించి సినిమాలోని దొంగ వంతకు ఏడుస్తున్నాడు అందామంటే, తెర మీద ఆ దొంగ వంత కూడా లేదాయె.

నర్సవ్వ నోరు మూసుకుంది. హీరో నోటి వంకే చూసి, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"బిడ్డా, గా పోరడు ఊపిరి యాడ తీసుకుంటుండు?"

హాలంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు మాత్రం లేవలేదు.

పేర్లు పడేదాకా కూర్చున్నాను. డ్రైవర్ల పేర్లు వచ్చాయి, గుర్రాల యజమాని పేరు వచ్చింది. ఆమె పేరు రాలేదు. నేను ఇంకా తెర మీదే కళ్ళు పెట్టి ఉంటే, "లే బిడ్డా, ఊడ్సెటోళ్ళు నిలవడ్డరు," అని నా చెయ్యి పట్టుకుని లేపింది.

జీడిమెట్ల వైపు క్యాబులో వెళ్తూ నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ళ మీద కేసు పెడదాం అన్నాను, పేపరుకు రాద్దాం అన్నాను. నర్సవ్వ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా తిట్లు అయిపోయాక గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళలో ఆమె కథ ఎత్తుకోగా నేను వినలేదు. ఎప్పుడూ అందుకోవడమే. ఆ రోజు తాత వరుస ఆమే ఎత్తుకుంది.

"ఏటి నీళ్ళు దాటి చెల్లె ఎటు వోయె..."

అక్కడ ఆగి నా వంక చూసింది. డ్రైవరు రేడియో ఆపేశాడు.

"ఎటు వోయె నా తల్లి ఎటు వోయెరా," అన్నాను.

నర్సవ్వ ఊపిరి తీసుకుంది.